టేపులో నడిచిన పెళ్ళి కంప్యూటర్‌లో ఎందుకు ఆగిపోతోంది?

1990ల నడుమ నుంచి 2010 దాకా మన ఇళ్ళలో జరిగిన పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, అన్నప్రాశనలు, గృహప్రవేశాలు చాలావరకు టేపుల మీదే ఉన్నాయి. స్టూడియోవాళ్ళు భుజాన మోసిన కెమెరాల వీహెచ్‌ఎస్ క్యాసెట్లు కొన్ని. అమెరికా నుంచి సెలవులకొచ్చిన బావగారో బాబాయో తెచ్చిన హ్యాండీక్యామ్‌ల హై8, మినీడీవీ క్యాసెట్లు కొన్ని. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుందామని కూర్చున్నవాళ్ళకు తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఫైలు తయారవుతుంది, బొమ్మ కనిపిస్తుంది, కానీ నడక సరిగా ఉండదు. తలంబ్రాలు పోస్తున్న చెయ్యి గాల్లోనే నిలబడిపోయి, మరుక్షణం ఎదుటివాళ్ళ తలమీద తేలుతుంది. పురోహితుడి పెదవులు ముందు కదులుతాయి, మంత్రం తర్వాత వినిపిస్తుంది.

అప్పుడు ఇంట్లో రెండు తీర్పుల్లో ఒకటి వెలువడుతుంది: టేపు పాడైపోయిందనో, కంప్యూటర్ పాతబడిందనో. మొదటిది నమ్మితే బాగున్న టేపు చెత్తబుట్టకు పోతుంది. రెండోది నమ్మితే కొత్త కంప్యూటర్ వస్తుంది, దానికి ఈ పనికి కావలసిన పోర్టే ఉండదు. నిజానికి తడబాటు మూడు చోట్ల పుట్టవచ్చు: టేపు తిరిగే కెమెరాలో, కెమెరా నుంచి డిస్కు దాకా ఉన్న దారిలో, లేదా ఫైలును ఆడించే తెర దగ్గర. మూడు చోట్లా కంటికి కనిపించే రోగం ఇంచుమించు ఒకటే, మందులు మాత్రం వేరు. అందుకే వైరు మార్చకముందే, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించకముందే చోటు తేల్చుకోవాలి. దానికి పైసా ఖర్చు లేదు, కాస్త ఓపిక చాలు.

టేపు ఎవరికోసమూ ఆగదు

పెన్‌డ్రైవ్‌లోంచి సినిమా కాపీ చేసుకునేటప్పుడు కంప్యూటర్‌కు తీరిక లేకపోతే ఓ క్షణం ఆగుతుంది, మళ్ళీ అందుకుంటుంది. ఏదైనా ముక్క సరిగా రాకపోతే తిరిగి అడుగుతుంది. రెండు నిమిషాలు పట్టినా, గంట పట్టినా చివరికి వచ్చే ఫైలు ఒకటే. టేపుతో ఆ వెసులుబాటు లేదు. కెమెరాలో టేపు తన వేగంతో తాను తిరుగుతూనే ఉంటుంది. మున్సిపాలిటీ కుళాయి కింద బిందె పెట్టినట్టే: మనం బిందె మార్చుకునేదాకా నీళ్ళు ఆగవు, ఆ మధ్యలో పోయినవి పోయినట్టే. గంట టేపుకు గంట కూర్చోవాల్సిందే.

మినీడీవీ లెక్కలు చూస్తే సంగతి తేటపడుతుంది. 1995లో మార్కెట్లోకొచ్చిన డీవీ పద్ధతిలో, పావు అంగుళం వెడల్పున్న టేపు మీద బొమ్మ అంకెల రూపంలోనే ఉంటుంది. కెమెరాలోని చిన్న డ్రమ్ము నిమిషానికి 9,000 సార్లు తిరుగుతూ, తనకున్న రెండు హెడ్లతో టేపు మీది ఏటవాలు గీతలను చదువుతుంది. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 విడివిడి బొమ్మలు. ఒక్కో ఫ్రేము 12 గీతల్లో పరిచి ఉంటుంది. అంటే సెకనుకు 300 గీతలు. అలా చదివిన అంకెలు సెకనుకు సుమారు 3.6 మెగాబైట్ల చొప్పున బయటికొస్తాయి. గంట టేపుకు దాదాపు 13 గిగాబైట్లు.

ఈనాటి డిస్కులకు ఇదొక భారమే కాదు. మరి ఫ్రేములు ఎందుకు పోతాయి? సగటున వేగం సరిపోతే చాలదు, ప్రతి క్షణమూ సరిపోవాలి. కంప్యూటర్ ఏ వైరస్ తనిఖీలోనో పడి కాసేపు డిస్కును పట్టించుకోలేదనుకోండి, కెమెరాకు ఆ సంగతి తెలియదు, అది పంపుతూనే ఉంటుంది. అలాంటి సమయాల కోసం, టేపును ఎక్కించే క్యాప్చర్ సాఫ్ట్‌వేర్ మెమరీలో కొంచెం చోటు ఉంచుకుంటుంది, దాన్నే బఫర్ అంటారు. అది నిండేలోపు డిస్కు అందుకోకపోతే ఆ తర్వాతి ఫ్రేములు నేలపాలవుతాయి. సాఫ్ట్‌వేర్లు ‘డ్రాప్డ్ ఫ్రేమ్స్’ అని చూపించే లెక్క ఇదే.

చోటు తేల్చే పరీక్ష

కదలిక ఎక్కువగా ఉన్న ఓ పది నిమిషాల భాగం ఎంచుకోండి. ఊరేగింపు గానీ పిల్లల డాన్సు గానీ అయితే మేలు. పెళ్ళిపీటల మీద కదలకుండా కూర్చున్న దృశ్యంలో తడబాటు ఉన్నా కంటికి ఆనదు.

మొదట కంప్యూటర్‌ను పక్కనబెట్టి, ఆ పది నిమిషాలను కెమెరా తెర మీద చూడండి. వీలైతే కెమెరాను టీవీకి కలిపి చూడండి. అక్కడే బొమ్మ ఆగుతున్నా, గళ్ళుగళ్ళుగా విడిపోతున్నా జబ్బు టేపులోనో కెమెరా హెడ్లలోనో ఉంది. కంప్యూటర్‌కు ఏ వైద్యం చేసినా తగ్గదు.

అక్కడ బాగానే నడిస్తే, అదే భాగాన్ని రెండుసార్లు కంప్యూటర్‌లోకి ఎక్కించండి. రెండు ఫైళ్ళనూ చూస్తూ తడబడిన సమయాలను కాగితం మీద రాసుకోండి. రెండింటిలోనూ అవే చోట్ల తడబడితే టేపును అనుమానించాలి, ఎందుకంటే టేపు మీది మచ్చ ఎన్నిసార్లు తిప్పినా అక్కడే ఉంటుంది. ఒక్కోసారి ఒక్కోచోట తడబడితే టేపు నిర్దోషి. దారిలో, అంటే వైరు, పోర్టు, డ్రైవరు, డిస్కుల్లో ఎక్కడో ఫ్రేములు జారిపోతున్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. క్యాప్చర్ జరుగుతుండగా కంప్యూటర్ తెర మీద చిన్న గడిలో కనిపించే బొమ్మను చూసి తీర్పు చెప్పకూడదు. ఫైలు రాసే పనికి అడ్డు రాకూడదని చాలా సాఫ్ట్‌వేర్లు ఆ గడిలో కావాలనే కొన్ని ఫ్రేములు దాటేస్తాయి. గడిలో కుంటుతున్న వీడియో ఫైలులో చక్కగా ఉండవచ్చు.

మూడో పరీక్ష లెక్కతో చేసేది. పాల్ టేపులో పది నిమిషాలంటే 15,000 ఫ్రేములు ఉండాలి. ఫైలులో 14,925 మాత్రమే ఉంటే 75 ఫ్రేములు, అంటే 3 సెకన్ల పెళ్ళి పోయింది. విన్‌డీవీ వంటి చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ పోయిన ఫ్రేముల సంఖ్యను ఎప్పటికప్పుడు చూపిస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు మాత్రం పోయిన ఫ్రేము స్థానంలో ముందున్న ఫ్రేమునే మరోసారి పెట్టి లెక్క సరిచేస్తాయి, కాబట్టి మొత్తం నిమిషాలు సరిపోయినంత మాత్రాన నిశ్చింత పడకూడదు. అనుమానమొచ్చిన చోట వీఎల్‌సీ ప్లేయర్‌లో వీడియోను ఆపి, కీబోర్డు మీద ‘ఈ’ అక్షరాన్ని ఒక్కొక్కసారి నొక్కుతూ పోతే ఫ్రేము తర్వాత ఫ్రేము కదులుతుంది. ఒకే బొమ్మ రెండు మూడుసార్లు వచ్చి తర్వాత ఒక్క గెంతు కనిపిస్తే ఫ్రేములు పోయినట్టు. ప్రతి ఫ్రేములోనూ కదలిక సమంగా ఉండి, మామూలుగా ఆడించినప్పుడు మాత్రమే అదురుతుంటే ఫైలు బాగుంది, చూపించే పద్ధతే బాగాలేదు.

దారిలో పోతే

మినీడీవీ విషయంలో అన్నిటికంటే ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది కెమెరాకున్న యూఎస్‌బీ పోర్టు. కెమెరాతోపాటు పెట్టెలో యూఎస్‌బీ వైరు వస్తుంది, అది ఏ కంప్యూటర్‌కైనా అతుకుతుంది, బొమ్మ కూడా వస్తుంది. కానీ చాలా మోడళ్ళలో ఆ పోర్టు పెట్టింది మెమరీ కార్డు మీది ఫొటోలు దించుకోవడానికో, కెమెరాను వెబ్‌క్యామ్‌లా వాడుకోవడానికో. అందులోంచి వచ్చే వీడియో చిన్న సైజులో, తక్కువ ఫ్రేములతో వస్తుంది. ఆ ఫైలు ఆగాగి నడవడం సహజం. తర్వాతి రోజుల్లో వచ్చిన కొన్ని మోడళ్ళు మాత్రమే యూఎస్‌బీ ద్వారా పూర్తి డీవీని పంపగలిగాయి. మీ కెమెరా అలాంటిదో కాదో దాని పుస్తకంలో చూడాలి.

అసలు దారి ఫైర్‌వైర్. ఐఈఈఈ 1394 అన్నా అదే, సోనీ కెమెరాల మీద ఐ.లింక్ అని రాసి ఉన్నా అదే. కెమెరా వైపు నాలుగు పిన్నుల చిన్న మూతి, కంప్యూటర్ వైపు తరచుగా ఆరు పిన్నుల పెద్ద మూతి ఉంటాయి. ఈ దారిలో బొమ్మను మార్చడమంటూ జరగదు. టేపు మీది అంకెలే ఉన్నవి ఉన్నట్టుగా డిస్కు మీదికి చేరుతాయి. సెకనుకు 400 మెగాబిట్లు మోయగల దారి ఇది. డీవీకి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు.

ఒకవైపు ఫైర్‌వైర్ మూతి, ఇంకోవైపు యూఎస్‌బీ మూతి ఉన్న చవక వైర్లు అమ్ముతుంటారు. వాటితో పని జరగదు. రెండూ సంకేతాలు పంపే తీరులోనే వేరు కాబట్టి తీగలు కలిపినంత మాత్రాన ఒకదాని భాష ఇంకొకదానికి అర్థం కాదు. డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంటే మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో ఫైర్‌వైర్ కార్డు బిగించుకోవడం తేలిక పద్ధతి. అలాంటి కార్డుల్లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్పు ఉన్నవాటికి మంచి పేరుంది. లేదంటే 2005–2012 నాటి పాత ల్యాప్‌టాప్‌నో పాత మ్యాక్‌నో ఈ ఒక్క పనికి దుమ్ము దులపవచ్చు. ఈ విషయంలో పాత యంత్రమే కొత్తదానికంటే నయం. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహోలో ఆపిల్ ఫైర్‌వైర్‌ను పూర్తిగా తీసేసింది. కాబట్టి పాత మ్యాక్‌లో పాత ఓఎస్‌ను అలాగే ఉంచుకోవాలి. వైరు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు కెమెరాను ఆపడం మరిచిపోకూడదు. ఆరు పిన్నుల మూతిలో కరెంటు కూడా ఉంటుంది, తిరగేసి దూర్చితే కెమెరా పోర్టు కాలిపోవచ్చు.

ఫైర్‌వైర్ ఉండి కూడా ఫ్రేములు పోతుంటే, విండోస్‌లో ముందుగా చూడాల్సింది డ్రైవరు. విండోస్ 7తో మైక్రోసాఫ్ట్ కొత్త 1394 డ్రైవరు ఇచ్చింది. కొన్ని కార్డులు, కెమెరాలు దానితో సరిపడక కనెక్షన్ తెగడం, ఫ్రేములు పోవడం జరుగుతుంది. డివైస్ మేనేజర్‌లో 1394 కంట్రోలర్ పేరు మీద కుడి క్లిక్ చేసి, డ్రైవరు మార్చే చోట జాబితాలోంచి ‘లెగసీ’ అని ఉన్నదాన్ని ఎంచుకుంటే చాలాసార్లు ఆ చిక్కు తీరిపోతుంది. విండోస్ 8 నుంచి ఈ పాత డ్రైవరును విండోస్‌తో ఇవ్వడం మానేశారు, మైక్రోసాఫ్ట్ విడిగా అందించినదాన్ని ఎక్కించుకోవాలి.

తర్వాత డిస్కు. ఫైలును పెన్‌డ్రైవ్ మీదికి నేరుగా రాయించవద్దు. మొదటి నిమిషాల్లో చురుగ్గానే రాస్తుంది, తర్వాత ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. విండోస్ ఉన్న డిస్కు కాకుండా వేరే డిస్కు అయితే మంచిది, ఎస్‌ఎస్‌డీ అయితే ఇంకా మంచిది. డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయివుంటే ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటదు. డీవీ లెక్కలో అది 20 నిమిషాలకు కొంచెం తక్కువ. ప్రతి టేపూ ఇంచుమించు ఆ 20 నిమిషాల దగ్గరే ఆగిపోతోందంటే కారణం వెతకనక్కర్లేదు, ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చుకుంటే సరి.

మిగతావి ఇల్లు సర్దుకోవడం లాంటి చిన్న పనులు. క్యాప్చర్ జరిగే గంటసేపు ఇంటర్నెట్ ఆపండి. ఫొటోలను, ఫైళ్ళను దానంతటదే పైకి పంపే సర్వీసులను నిలిపేయండి. వైరస్ తనిఖీని ఆ గంట వాయిదా వేయండి. కంప్యూటర్, డిస్కు నిద్రలోకి జారకుండా పవర్ సెట్టింగులు మార్చండి. కెమెరాను బ్యాటరీ మీద కాకుండా ఛార్జర్‌కు తగిలించే నడపండి. ఇంకో ముఖ్యమైన మాట: కొన్ని సాఫ్ట్‌వేర్లు టేపును ఎక్కించుకుంటూనే అప్పటికప్పుడు ఎంపీ4గానో డీవీడీగానో కుదించేస్తాయి. చోటు కలిసొస్తుందనిపిస్తుంది గానీ, ప్రాసెసర్ ఒక్క క్షణం వెనకబడినా ఫ్రేము పోతుంది. ముందు డీవీ ఫైలును ఉన్నది ఉన్నట్టుగా తీసుకోండి, కుదించడం ఆ తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు.

టేపులోనే ఉంటే

కెమెరా తెర మీదే బొమ్మ చెడుతోంటే ఆ చెడే తీరు చాలా చెబుతుంది. బొమ్మ అడ్డంగా పట్టీలుగా విడిపోయి, ఒక పట్టీ కదులుతూ పక్క పట్టీ నిలిచిపోయి కనిపిస్తే రెండు హెడ్లలో ఒకటి చదవడం లేదన్నమాట. 12 గీతల్లో ఆరు ఆ హెడ్డు వంతు కాబట్టి సగం బొమ్మ పాతదే ఉండిపోతుంది. హెడ్డుకు దుమ్ము పట్టడమే తరచూ కారణం. డ్రై క్లీనింగ్ టేపును ఓ పది సెకన్లు నడిపిస్తే చాలా కెమెరాలు దారికొస్తాయి. ఆ టేపు హెడ్లను కొద్దిగా అరగదీస్తుంది కూడా, కాబట్టి తగ్గలేదని పదేపదే నడపకూడదు.

అక్కడక్కడ చిన్న గళ్ళు మెరిసి మాయమవుతుంటే టేపు మీది పూత అక్కడ దెబ్బతినివుంటుంది. డీవీలో తప్పుల్ని సరిదిద్దే ఏర్పాటు ఉంది. అది సరిదిద్దలేనంత పెద్ద తప్పయితే ముందు ఫ్రేములోని ముక్కను అక్కడ అతికిస్తుంది. గళ్ళుగా, ఆగినట్టుగా కనిపించేది ఆ అతుకే. ఒకసారి చదవలేని చోటును హెడ్డు మరోసారి చదివే అవకాశం ఉంది. అందుకే విలువైన టేపును రెండు మూడు సార్లు ఎక్కించి, ఒక్కో ఫైలులో బాగున్న ముక్కల్ని కలిపి ఒకే ఫైలుగా చేసే పద్ధతి వచ్చింది. డీవీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనినే చేస్తుంది. ఏ ఫ్రేములో ఏ మేరకు తప్పులున్నాయో కూడా లెక్క చెబుతుంది.

ఏళ్ళ తరబడి కదలని టేపును పెట్టగానే ఆడించవద్దు. ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ళీ మొదటికి చుట్టండి. చుట్టలోని బిగువు సమంగా మారి టేపు నడక కుదురుతుంది. ఏసీ గదిలోంచి ఉక్కగా ఉన్న గదిలోకి తెచ్చిన కెమెరాను వెంటనే నడపవద్దు. డ్రమ్ము మీద తేమ పడితే టేపు అంటుకుంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో దాచిన టేపుల విషయంలో ఇంకో అడుగు వెనక్కి వేయాలి. క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట అంచుల్ని వెలుతురులో చూడండి. తెల్లగానో పసుపుగానో పొడిలా కనిపిస్తే అది బూజు. ఆ క్యాసెట్‌ను కెమెరాలో పెడితే బూజు హెడ్లకంటి, ఆ తర్వాత పెట్టే ప్రతి టేపుకూ అంటుతుంది. అలాంటి క్యాసెట్లను విడిగా ఉంచి, శుభ్రం చేయడం తెలిసినవాళ్ళకే ఇవ్వాలి.

టేపు మిగులుతుందని ఎల్‌పీలో, అంటే లాంగ్ ప్లే పద్ధతిలో, తీసినవాళ్ళున్నారు. 60 నిమిషాల క్యాసెట్‌లో 90 నిమిషాలు పట్టేది. అలా పట్టించడానికి కెమెరా గీతల వెడల్పును 10 మైక్రాన్ల నుంచి 6.7 మైక్రాన్లకు తగ్గించింది. అంత సన్నని గీతల మీద ఒక కెమెరా హెడ్డు నడిచిన దారిలో ఇంకో కెమెరా హెడ్డు సరిగ్గా నడవలేదు. ఎల్‌పీ టేపు తడబడుతోంటే తీసిన కెమెరానే వెతికి పట్టుకోవడం మేలైన మార్గం. ఆ కెమెరా మేనత్తగారింట్లో అటక మీద ఉండవచ్చు, అడిగి చూడండి.

చూసేచోట ఉంటే

ఒక్క ఫ్రేమూ పోలేదు, టేపూ బాగుంది, అయినా కదలికలో అదురుంది. మనుషులు నడుస్తుంటే అంచులు దువ్వెన పళ్ళలా చీలుతున్నాయి. ఇది జబ్బే కాదు, ఆ కాలపు టీవీల కోసం చేసుకున్న ఏర్పాటు. పాత కెమెరాలు ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా తీశాయి. ఒక సగంలో సరి గీతలు, సెకనులో యాభయ్యో వంతు తర్వాత తీసిన రెండో సగంలో బేసి గీతలు. ఈ సగాలను ఫీల్డులు అంటారు. పాత టీవీ వాటిని వెంట వెంట చూపించేది కాబట్టి సెకనుకు 50 కదలికలు కంటికి నున్నగా కనిపించేవి. కంప్యూటర్ తెర రెండు సగాలనూ ఒకేసారి చూపిస్తుంది. రెండు వేర్వేరు క్షణాలు ఒకే బొమ్మలో పడటంతో చీలికలు వస్తాయి.

వీఎల్‌సీలో వీడియో మెనూలోని డీఇంటర్‌లేస్‌ను ఆన్ చేసి, పద్ధతుల్లో ‘యాడిఫ్ 2ఎక్స్’ ఎంచుకుని చూడండి. చీలికలు పోయి నడక నున్నబడితే మీ ఫైలు ఆరోగ్యంగా ఉన్నట్టే. శాశ్వతంగా ఎంపీ4 చేసుకునేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ‘బాబ్’ పద్ధతి ఎంచుకుని సెకనుకు 50 ఫ్రేములుగా మార్చితే ఆనాటి నునుపు దక్కుతుంది. 25 ఫ్రేములుగా మార్చితే కదలికలో సగం పోయి ఓ మోస్తరు తడబాటు మిగిలిపోతుంది. చాలామంది టేపుది అనుకునే లోపం ఇక్కడ, ఈ సెట్టింగులో పుట్టినదే.

ఇంకో రకం ఉంది. కదిలే మనిషి ముందుకు రెండడుగులు, వెనక్కి ఒక అడుగు వేస్తున్నట్టు అదిరితే ఫీల్డుల వరస తారుమారైంది. డీవీలో కింది ఫీల్డు ముందు వస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పై ఫీల్డు ముందని ఎంచుకుంటే ఈ వెనకడుగులు మొదలవుతాయి. ఆ ఒక్క ఎంపికను సరిచేస్తే చాలు.

అమెరికాలో బంధువులున్న తెలుగు కుటుంబాలకు మాత్రం అదనపు చిక్కు ఒకటుంది. అక్కడి టేపులు ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఉంటాయి: సెకనుకు 29.97 ఫ్రేములు, 480 గీతలు. మనది సెకనుకు 25, గీతలు 576. అక్కడి టేపును ఇక్కడ కొన్న కెమెరాలో పెడితే చాలా కెమెరాల్లో సరిగా ఆడదు. అది ఆ పద్ధతి కెమెరాలోనే ఎక్కించాలి. డల్లాస్‌లో జరిగిన బారసాలను, గుంటూరులో జరిగిన పెళ్ళిని కలిపి ఒకే వీడియో చేద్దామని రెండు ఫైళ్ళనూ ఒకే టైమ్‌లైన్ మీద పెడితే ఒకటి తప్పకుండా కుంటుతుంది. 25 ఫ్రేముల వీడియోను 30 ఫ్రేముల చట్రంలో ఇరికిస్తే సెకనుకు ఐదు ఫ్రేములు రెండేసి సార్లు కనిపించాలి మరి. అతికించే ఆశ మానుకుని దేని పద్ధతిలో దాన్ని విడి ఫైలుగా ఉంచుకోవడమే మంచిది.

వీహెచ్‌ఎస్, హై8ల లెక్క వేరు

ఇంతవరకూ చెప్పింది అంకెల టేపుల సంగతి. వీహెచ్‌ఎస్, వీడియో8, హై8 టేపుల మీద అంకెలుండవు, ఎగుడుదిగుడు సంకేతం ఉంటుంది. దాన్ని అంకెల్లోకి మార్చే పరికరం మధ్యలో ఉండాలి. కుదించకుండా మార్చితే పాల్ బొమ్మ సెకనుకు దాదాపు 20.7 మెగాబైట్లు, గంటకు సుమారు 75 గిగాబైట్లు అవుతుంది. డీవీకి ఇది దాదాపు ఆరు రెట్లు. యూఎస్‌బీ హబ్బులో కీబోర్డు, మౌస్, డిస్కుతోపాటు దీన్నీ గుచ్చితే ఫ్రేములు పోకేం చేస్తాయి? కంప్యూటర్ వెనక నేరుగా ఉన్న పోర్టు దీనికొక్కదానికే ఇవ్వాలి.

అసలు చిక్కు అంతకంటే లోతుగా ఉంది. ఈ టేపుల్లో ప్రతి గీత మొదలయ్యే చోటును చెప్పడానికి ఓ చిన్న గుర్తు, సింక్ పల్స్, ఉంటుంది. పాతికేళ్ళ టేపు సాగుతుంది, ముడతలు పడుతుంది. గుర్తులు సమయానికి రావు. పాత పిక్చర్ ట్యూబు టీవీ ఆ ఊగిసలాటను సర్దుకుంటూ పోయేది, బొమ్మ పైభాగం కొద్దిగా వంగినా ఎవరూ పట్టించుకోలేదు. యూఎస్‌బీ పరికరం అలా సర్దుకోదు. గుర్తు వేళకు రాకపోతే ఆ ఫ్రేమునే వదిలేస్తుంది. టీవీలో బాగానే ఆడిన వీహెచ్‌ఎస్ కంప్యూటర్‌లో తడబడటానికి ఇదే పెద్ద కారణం, ప్రాసెసర్ ఎంత కొత్తదైనా ఇది తగ్గదు.

మందు పేరు టైమ్ బేస్ కరెక్టర్. వచ్చిన బొమ్మను తన మెమరీలో ఓ క్షణం ఉంచుకుని, సమయాలను సరిచేసి, కుదురుగా బయటికి పంపే పరికరం. విడిగా కొనాలంటే దొరకడం కష్టం, ధర ఎక్కువ. కొన్ని ఎస్‌-వీహెచ్‌ఎస్ డెక్కుల్లో ఇది లోపలే ఉంటుంది. ఇంట్లో హై8 క్యాసెట్లు ఉన్నవాళ్ళకు ఇంకో తేలిక మార్గం ఉంది. సోనీ 1999లో తెచ్చిన డిజిటల్8 కెమెరాల్లో చాలా మోడళ్ళు పాత హై8, వీడియో8 టేపులను ఆడించి, లోపలే డీవీగా మార్చి ఫైర్‌వైర్ గుండా పంపగలవు. అన్ని మోడళ్ళకూ ఆ వీలు లేదు కాబట్టి కొనేముందు, అరువు తెచ్చుకునేముందు అడిగి తెలుసుకోవాలి. వీహెచ్‌ఎస్‌కు కూడా ఇలాంటి కెమెరాను మధ్యవర్తిగా పెట్టుకోవచ్చు: ప్లేయర్ నుంచి వచ్చే బొమ్మను లోపలికి తీసుకుని అక్కడికక్కడే డీవీగా బయటికిచ్చే ఏర్పాటు కొన్నింటికి ఉంది.

పోయిన ఫ్రేములతో వచ్చే మాట జాప్యం సంగతి ఇక్కడే తేలిపోతుంది. ఈ టేపులను ఎక్కించేటప్పుడు ఫ్రేములు పోయినా శబ్దం పోదు, అది తన వరసలో సాగుతుంది. పెళ్ళి మొదట్లో కుదిరిన మాట, పెదవి అప్పగింతల వేళకు రెండు సెకన్లు ఎడమైతే దారిపొడవునా ఫ్రేములు రాలిపోయాయన్నమాట. శబ్దాన్ని ఎడిటింగ్‌లో జరిపి సర్దడం కంటే ఫ్రేములు పోకుండా మళ్ళీ ఎక్కించడమే సులువు.

స్టూడియోకు ఇచ్చేటప్పుడు

ఇన్ని ఏర్పాట్లు అందరివల్లా కావు. స్టూడియోకు ఇవ్వడం తప్పేమీ కాదు, కానీ ఇచ్చేముందు నాలుగు మాటలు అడగండి. మినీడీవీని ఫైర్‌వైర్‌తో తీస్తారా, ఎరుపు తెలుపు పసుపు వైర్లతో తీస్తారా? రెండోదైతే అంకెల టేపును ఉత్తపుణ్యానికి సంకేతంగా మార్చి, మళ్ళీ అంకెలు చేస్తున్నారన్నమాట. వీహెచ్‌ఎస్‌కు టైమ్ బేస్ కరెక్టర్ వాడతారా? టేపుకు బూజుంటే ఏం చేస్తారు? చివరగా, డీవీడీగానో ఎంపీ4గానో మార్చకముందున్న అసలు ఫైలు ఇస్తారా?

ఈ చివరి ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. డీవీ ఫైలులో ప్రతి ఫ్రేముతోపాటు టైమ్‌కోడ్ (టేపులో ఆ ఫ్రేము వరసను చెప్పే సంఖ్య), కెమెరా గడియారం ప్రకారం ఆ దృశ్యం తీసిన తేదీ, వేళ కూడా ఉంటాయి. టైమ్‌కోడ్‌లో ఎక్కడ ఖాళీ ఉందో చూస్తే ఏ ఫ్రేములు పోయాయో తెలుస్తుంది, ఆ భాగాన్ని మాత్రమే మళ్ళీ ఎక్కించుకోవచ్చు. ఎంపీ4గా మార్చాక ఈ వివరాలు సాధారణంగా మిగలవు. గంటకు 13 గిగాబైట్లు ఎక్కువే అనిపించినా, ఓ పాతిక టేపులు 325 గిగాబైట్లలో సరిపోతాయి. ఒక మామూలు హార్డ్ డిస్కుకు అది సగం కూడా కాదు.

వాయిదా వేయడానికి మాత్రం ఇది అనువైన పని కాదు. వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి కంపెనీగా పేరుపడ్డ జపాన్ ఫునాయ్ 2016 జులైలో ఆ పని ఆపేసింది. సోనీ మినీడీవీ క్యాసెట్ల తయారీని 2025 ఫిబ్రవరిలో నిలిపేసింది. టేపు మీది బొమ్మ ఇంకా బాగానే ఉన్నా దాన్ని చదివే హెడ్లు, వాటిని బాగుచేసే చేతులు తగ్గిపోతున్నాయి. అందుకని ముందు ఒకే ఒక్క టేపుతో పరీక్ష పూర్తిచేసి, చోటు తేలి, దారి కుదిరాక మిగతావన్నీ వరసగా ఎక్కించండి. ఎక్కించిన ఫైలుకు వేరే డిస్కు మీద ఇంకో కాపీ ఉంచండి. ఆ తర్వాత కూడా టేపును పారేయవద్దు. ఫైలులో పోయిన ఫ్రేము ఏదైనా తర్వాత బయటపడితే, దాన్ని తిరిగి తెచ్చుకోగలిగింది ఆ టేపు నుంచే.